గది ఊసే లేదు

"పేషెంట్లు సహకరించలేదు అని ఒక్క ముక్క రాసిచ్చెయ్యమ్మా, అయిపోతుంది" అన్నాడు సూపరింటెండెంటు, ఫ్యాను గాలికి లేచిపోతున్న కాగితాల మీద అరచెయ్యి ఆనించి.

ఆసుపత్రిలో ఆమెను అందరూ మాటల డాక్టరమ్మ అంటారు. మిగతా డాక్టర్లు మాత్రలిస్తారు, సూదులు వేస్తారు, ఈవిడ మాత్రం మాటలిచ్చి పంపిస్తుందని కాంపౌండరు మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరు. ఇప్పుడు చీటీలిచ్చే కిటికీ దగ్గర పేషెంట్లు కూడా "మాటల డాక్టరమ్మ ఉన్నారా?" అనే అడుగుతారు. అలాంటి మనిషికి ఆ పూట నోట మాట రాలేదు.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి దిగులు జబ్బుతోనో గుండెదడతోనో వచ్చేవాళ్లు ఒక్కసారి వచ్చి, బస్సు ప్రయాణానికి జడిసి మళ్లీ మొహం చూపించేవారు కాదు. వాళ్ల కోసం ఆమె ఎవరెవరినో బతిమాలి వీడియో వైద్యం మొదలుపెట్టింది. నగరంలోని పెద్దాసుపత్రి వాళ్లు అచ్చు వేయించిన పరిశోధన పత్రం ఒకటి అందుకు ఆధారం. వారానికోసారి వీడియోలో మాట్లాడితే రోగులు బాగా తేరుకున్నారనీ, మధ్యలో మానేసినవాళ్లు దాదాపు లేరనీ అందులో ఉంది. ఎన్ని వారాలు, ఎంతసేపు, ఏ వారం ఏం మాట్లాడాలి, ఏ ప్రశ్నలతో కొలవాలి, అన్నీ ఉన్నాయి. ఆమె ఉన్నది ఉన్నట్టు, పొల్లు పోకుండా చేసింది. ముప్ఫై మంది చేరారు. పంతొమ్మిది మంది మధ్యలోనే మాయమయ్యారు. మిగిలినవాళ్ల స్కోర్లు గొర్రె తోక బెత్తెడు అన్నట్టు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పై ఆఫీసు వాళ్లు కారణం అడుగుతున్నారు. శుక్రవారానికి చెప్పకపోతే కెమెరా, కంప్యూటరు రెండూ బిల్లులు కట్టే కౌంటరుకి వెళ్లిపోతాయి.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. ఆయన లెక్క ఆయనకుంది. అక్కడ పనిచేసిందంటే వైద్యం మంచిదే. వాళ్లు చెప్పినట్టే చేసిందంటే డాక్టరూ మంచిదే. ఇక తీసివేతలో మిగిలింది రోగులు. వాళ్లనంటే అడిగేవాడు లేడు, అలిగేవాడూ లేడు.

కానీ ఆ ఒక్క ముక్క పైకి వెళితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈ ప్రాంతం మనుషులకి ఇలాంటివి పనికిరావని ఒకసారి పేరు పడితే, మళ్లీ పదేళ్ల దాకా ఎవరూ ఇటు తొంగి చూడరు.

"శుక్రవారం ఇస్తాను సార్" అంది చివరికి. "కానీ ఆ మాట నేనిప్పుడు రాయలేను. వాళ్లని ఇంకా అడగలేదు."

"ఎవర్నీ?"

"మానేసినవాళ్లని."

సూపరింటెండెంటు అరచెయ్యి తీశాడు. రెండు కాగితాలు ఎగిరి నేల మీద పడ్డాయి. ఆమె వంగి తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

*

ఆ మధ్యాహ్నమే ఫోన్లు చెయ్యటం మొదలుపెట్టింది. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్లు తీరిక దొరకలేదనీ, ఇప్పుడు బాగానే ఉందనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పి తప్పించుకున్నారు. సిగ్నలు రావటం లేదని చెప్పినాయన గొంతు పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. ఒక్క లెక్కల టీచరు మాత్రం రమ్మంది. ఇంటికి కాదు, బడికి. అదీ పిల్లలు వెళ్లిపోయాక.

బోర్డు ముందు నిలబడగానే ఊపిరి అందకపోవటం ఆ టీచరు బాధ. వైద్యంలో చేరి, మూడు వారాలు కూర్చుని మానేసింది. డాక్టరమ్మ బస్సు దిగి వెళ్లేసరికి ఖాళీ తరగతిలో బోర్డు తుడుస్తోంది. సగం తుడిచిన లెక్కని అలాగే వదిలేసి, తలుపు దగ్గరగా వేసి, మొదటి బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ పక్క బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంది. పిల్లల కోసం చేసిన బెంచీలు అవి.

మొదట కాసేపు మర్యాదలు నడిచాయి. పరీక్షలొచ్చాయంది టీచరు. పేపర్లు దిద్దాలంది. సుద్దముక్కని వేళ్ల మధ్య తిప్పుతూ తిప్పుతూ, ఉన్నట్టుండి ఆపింది.

"రెండో వారం మీరు నన్నొకటి అడిగారు, గుర్తుందా? ఇంట్లో ఎవరి వల్లైనా మనసుకి కష్టంగా ఉందా అని."

"గుర్తుంది. ఏమీ లేదన్నారు."

"అప్పుడు ఫోను ఎవరు పట్టుకున్నారనుకున్నారు?"

డాక్టరమ్మకి ప్రశ్న అర్థం కాలేదు.

"మా అక్క" అంది టీచరు.

భర్తతో పొసగక వచ్చేసిన దగ్గర్నుంచి ఆమె ఉండేది అక్క ఇంట్లోనే. రెండు గదుల ఇల్లు. ఫోను ఎక్కడ ఆనించినా జారిపోతోందని, అక్క తనే ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పట్టుకునేదట. చెల్లెలి మొహం డాక్టరుగారికి బాగా కనబడాలని కొంచెం ఎత్తి పట్టుకునేదట. వింటుంటే డాక్టరమ్మకి అప్పటి తెర మీది బొమ్మ కళ్లకు కట్టింది. మెల్లమెల్లగా కిందికి వాలి, ఒక్క కుదుపుతో మళ్లీ పైకి లేచే బొమ్మ. స్టాండు వదులైంది కాబోలు అనుకుంది తను అప్పట్లో. అది ఆ అక్కయ్య చెయ్యి నొప్పి.

"మా అక్క మంచిదండీ. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే మొహమ్మీదే చెప్పేసేదాన్ని. పొద్దున లేస్తే ఆ ఇంట్లో నా చెప్పులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తోచదు. ఆవిడ పట్టుకున్న ఫోన్లోకి చూస్తూ ఆ మాట ఎలా అనేది?"

స్కోరు ప్రశ్నలప్పుడూ అదే తంతు. నిద్ర పట్టటం లేదని చెప్పబోతే ఫోను వెనక అక్క కళ్లు నీళ్లతో నిండేవి. అందుకని పట్టిందనేది. ఆకలి ఉందా అంటే ఉందనేది. వారం వారం తన స్కోరు బాగుపడటం చూసి అక్క సంబరపడిపోయేది. చివరికి తను కూర్చునేది అక్క సంతోషం కోసమే అని తెలిసిపోయి, ఇంక చాలనుకుంది.

పై ఆఫీసుకి ఏం రాయమంటున్నారో డాక్టరమ్మ చెప్పింది. "సహకరించలేదని రాస్తున్నారా?" అని అడిగింది టీచరు, నవ్వీ నవ్వనట్టుగా. "అంతకంటే ఎక్కువ ఎలా సహకరించాలో నాకైతే తెలీదు."

ఈ సంగతి పేరు లేకుండా రాసుకోవచ్చా అని డాక్టరమ్మ అడిగింది. టీచరు సరేనంది. కానీ రాసింది తనకి చూపించాకే పంపాలంది. పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ, చూడకుండా మార్కులు వెయ్యటం తనకి అలవాటు లేదంది.

*

ఇంటికొచ్చి, భుజం మీది సంచీ కూడా దింపకుండా పరిశోధన పత్రం తీసింది. మడతల దగ్గర కాగితం చిరుగుపట్టింది. అన్నిసార్లు చదివింది దాన్ని. 'పద్ధతి' అన్న భాగం మీద వేలు పెట్టి, ఒక్కో వాక్యమూ పైకి చదువుకుంటూ పోయింది. దూరాన ఉన్న రోగులకు వీడియో ద్వారా చికిత్స అందించబడినది. అంతే. ఆ దూరాన ఎక్కడ? కుర్చీలోనా, మంచం మీదా? ఎవరి ఫోను? పక్కన ఎవరు? తలుపు వేసి ఉందా, అసలు తలుపుందా? గది ఊసే లేదు. దూరం అంటే ఇల్లే అని అనుకున్నది తను.

భర్త ఎలక్ట్రీషియను. అప్పుడే పని నుంచి వచ్చి, గోళ్లలో పట్టిన మసి వదిలించుకుంటున్నాడు. "ఇన్నాళ్లకి అందులో ఏమైనా కొత్తగా కనబడిందా?" అని అడిగాడు.

"కొత్తదేం కనబడలేదు. లేనిది కనబడింది."

"లేనివి కనబడేవాళ్లకి మీ ఆసుపత్రిలో వేరే వార్డుంది కదా" అన్నాడాయన.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కొంత తెరిపి అనిపించి, మొహం కడుక్కుని, పత్రం కింద ఉన్న పేర్లలో మొదటి పేరుగల ప్రొఫెసరుకి ఫోను చేసింది. ఇదివరకు రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. ఈసారి మాత్రం పెద్దాసుపత్రి ఆపరేటరు ఇద్దరు ముగ్గురికి కలిపి, చివరికి ఆయనకే కలిపింది. తన పద్ధతిని ఎక్కడో చిన్న ఊళ్లో ఎవరో అమలు చేస్తున్నారని వినగానే ప్రొఫెసరు ఎంతో సంతోషించాడు. రండి, మా ఏర్పాట్లన్నీ చూపిస్తానన్నాడు. ఫలితం ఎలా వచ్చిందో ఆయన అడగలేదు. ఆమె ఫోన్లో చెప్పలేదు.

*

ప్రొఫెసరు పొడగరి, మాటకారి. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించి, వీడియో వైద్యానికి ఎంత భవిష్యత్తుందో వివరంగా చెప్పాడు. ఆమె మాట్లాడే వంతు ఎంతకీ రాలేదు. ఏర్పాట్లు చూపిద్దురుగాని అని ఆమే లేచింది.

కారులో అరగంట పోయాక, నగరం శివారులో పెద్దాసుపత్రి వాళ్ల చిన్న శాఖ ఒకటి వచ్చింది. నాలుగు గదుల భవనం. చివరి గది తలుపు మందంగా, అంచులకి రబ్బరు పట్టీతో ఉంది. ప్రొఫెసరు తలుపు తోసి, ముందు ఆమెను లోపలికి పొమ్మన్నాడు. చేతులున్న కుర్చీ ఒకటి. దానికి ఎదురుగా గోడకి కిటికీ అంత తెర. మనిషి మొహం మనిషి మొహమంత కనబడుతుంది. పక్కన చిన్న బల్ల మీద మంచినీళ్లు, కళ్లు తుడుచుకునే కాగితాలు. బయట స్టూలు మీద ఒక నర్సు. సెషను జరుగుతున్నంతసేపూ అక్కడే కూర్చుంటుందట. ఎవరైనా తలుపు దగ్గరికొస్తే ఆపుతుంది. తెర మీద బొమ్మ ఆగిపోతే లోపలికెళ్లి సరిచేస్తుంది. పేషెంటు ఏడ్చి బయటికొస్తే, బస్సెక్కించే దాకా తోడుంటుంది.

"ఇక్కడికి ఎవరొస్తారు సార్?" అని అడిగింది ఆమె, ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి.

"మన పేషెంట్లే. పత్రంలో ఉన్నవాళ్లంతా ఇలాంటి శాఖలకి వచ్చినవాళ్లే. డాక్టరు అక్కడ మెయిన్ ఆసుపత్రిలో, వీళ్లిక్కడ."

ఆమె కుర్చీలో కూర్చుంది. తలుపు దగ్గరగా వెయ్యమని నర్సును అడిగింది. తలుపు పడగానే బయట రోడ్డు చప్పుడు ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దంలో ఆ టీచరు నోట ఎన్ని మాటలు వచ్చి ఉండేవో అనిపించింది. కాసేపటికి తనే లేచి తలుపు తీసి బయటికొచ్చింది.

"సార్, ఈ గది సంగతి పత్రంలో లేదు."

"ఏ గదీ?" అన్నాడు ప్రొఫెసరు. తర్వాత అర్థమై, తేలిగ్గా నవ్వాడు. పత్రికవాళ్లు ఇచ్చే చోటు అంతేననీ, గదులూ కుర్చీలూ వర్ణిస్తూ కూర్చుంటే అంకెల పట్టికలు తీసెయ్యాలనీ చెప్పాడు. "అయినా ఇది అందరికీ తెలిసిందే కదమ్మా."

"ఎవరందరికీ సార్? మీ పత్రం అక్షరం అక్షరం చదివినదాన్ని నేను. నాకు తెలీలేదు."

అప్పుడు చెప్పింది ఫలితం. ముప్ఫై మంది, పంతొమ్మిది మంది, ఫోను పట్టుకున్న అక్కయ్య, ఎల్లుండి పైకి వెళ్లబోయే 'సహకరించలేదు' అన్న ముక్క. వసారాలో నిలబడే చెప్పింది. ప్రొఫెసరు మొహంలోని చిరునవ్వు కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. వినటమైతే పూర్తిగా విన్నాడు.

"మీరు నన్నేం చెయ్యమంటారు?"

"పత్రికకి రాయండి సార్. పేషెంట్లు ఎక్కడ కూర్చున్నారో, పక్కన ఎవరున్నారో, లైను తెగిపోతే ఏం చేశారో, అదంతా కలపమనండి."

"అచ్చయ్యాక కలిపితే దాన్ని దిద్దుబాటు అంటారు. తప్పు చేశామని అందరూ అనుకుంటారు."

"ఇప్పుడు మా పేషెంట్లది తప్పనుకుంటున్నారు సార్."

ప్రొఫెసరు కారు తాళాలు చేతిలో ఆడిస్తూ ఆలోచిస్తానన్నాడు, సహ రచయితల్ని అడగాలన్నాడు. పెద్దవాళ్లు ఆలోచిస్తానంటే దాని అర్థం ఆమెకి తెలియనిది కాదు. నమస్కారం పెట్టి బస్టాండు దారి పట్టింది.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మళ్లీ ఫోను తీసి మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఈసారి ప్రశ్న మార్చింది. ఎందుకు మానేశారు అని అడిగినప్పుడు అందరూ క్షమాపణలు చెప్పారు. వీడియో మాట్లాడేటప్పుడు ఎక్కడ కూర్చునేవారు అని అడిగితే ఒక్కొక్కరూ విప్పి చెప్పసాగారు.

సరుకుల వ్యాను నడిపే ఆయన, వ్యాను ఆపుకుని వెనక తలుపు వేసుకుని బస్తాల మధ్య కూర్చునేవాడట. ఉడికిపోయి, సెషను ఎప్పుడైపోతుందా అని చూసేవాడట. ఒకావిడ స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడేదట. నీళ్లు వృథా అవుతున్నాయని అత్తగారు తలుపు కొట్టిన రోజున ఆపేసింది. కాలేజీ కుర్రవాడు మేడ మీద ట్యాంకు నీడలో కూర్చుంటే, ఎదురింటి వాళ్లు ఎవరితోనో ప్రేమ వ్యవహారం అనుకుని ఇంట్లో చెప్పారట. ప్రేమైనా బాగుండేదని వాళ్ల నాన్న అన్నాడని చెప్పి ఆ కుర్రవాడే నవ్వాడు. సిగ్నలు లేదన్న పెద్దాయనకి ఇంట్లో నిజంగానే సిగ్నలు లేదు, ఉన్నది దుకాణం ముందు. దుకాణం ముందు నిలబడి ఆయన తన చనిపోయిన భార్య గురించి మాట్లాడాలి.

ఆమె వింటూ, ఒడిలో పెట్టుకున్న అట్ట మీద రాసుకుంటూ పోయింది. బస్సు కుదుపులకి అక్షరాలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. పక్క సీట్లో ముసలాయన ఒకటి రెండుసార్లు తొంగి చూస్తే, అట్టని రెండో వైపుకి తిప్పి పట్టుకుంది.

గురువారం సాయంత్రానికి నివేదిక ఒక రూపానికి వచ్చింది. సాకులు చెప్పినట్టుండకూడదని ప్రతి వాక్యమూ పట్టి పట్టి రాసింది. ఎవరు ఏ పరికరంతో, ఏ చోట, ఎవరి సమక్షంలో మాట్లాడారో. ఎవరు ఎన్నో వారం ఆగిపోయారో, ఏ కారణం చెప్పారో. స్కోరు ప్రశ్నలకి జవాబు చెప్పేటప్పుడు వినేవాళ్లు ఉన్నదీ లేనిదీ. 'పేషెంట్లు సహకరించలేదు' అన్న మాట బదులు 'పేషెంట్లు మాట్లాడగలిగే చోటు ఏర్పాటు చేయలేదు' అని రాసింది. రాసి, పెన్ను కింద పెట్టి, ఇంత తృప్తి చాలా కాలానికి కలిగిందనుకుంది.

లెక్కల టీచరు అన్న మాట ప్రకారం బడి నుంచి సరాసరి ఆసుపత్రికి వచ్చింది. తన గురించిన నాలుగు వాక్యాలే కాక మొత్తమంతా చదివింది, ఎర్ర పెన్ను లేకపోయినా ఉన్నట్టే వేలితో గీస్తూ. ఒకచోట రెండంకెల కూడిక తప్పిందని చూపించింది. చివరి పేజీ అయిపోయాక తిరగేసి చూసింది, వెనక ఇంకేమైనా ఉందేమోనన్నట్టు.

"మీ గది సంగతి లేదేం?" అంది.

"ఏ గదీ?" అనేసి, ఆ మాట ప్రొఫెసరు నోట విన్నట్టే ఉందని గుర్తొచ్చి డాక్టరమ్మ ఆగిపోయింది.

టీచరు కెమెరా ముందున్న కుర్చీ వెనక్కి నడిచి, గోడకి ఉన్న ఇనప బీరువా మీద చెయ్యి వేసింది. "ఇది నాకు బాగా తెలుసు. మీ తల వెనకాల ఉండేది. మీరేమో, ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, ధైర్యంగా చెప్పండి అనేవారు. అప్పుడే నీలం చొక్కా ఆయన ఒకాయన వచ్చి, ఇది తీసి, ఫైలు పట్టుకుని, వెళ్లేముందు ఒకసారి తెరలోకి చూసేవాడు. నాకేసే."

రికార్డు గుమాస్తా. గది చాలదని పాత కేసుల బీరువా ఇక్కడే పెట్టారు. సెషను నడుస్తుంటే పాపం పిల్లిలా అడుగులు వేస్తూ వచ్చి, చప్పుడు కాకుండా తీసుకుని పోయేవాడు. అతని మర్యాదకి ఆమె మనసులో సంతోషించేది కూడా. వీపు వెనక సంగతి. అలవాటైపోయి, అతను మనిషి అన్నదే మర్చిపోయింది.

"అప్పుడే చెప్పాల్సింది మీరు" అంది డాక్టరమ్మ.

"మీ ఆఫీసు పద్ధతి అలాగే ఉంటుందనుకున్నాను. సగం అక్కకి భయపడి నోరు మూసుకున్నాను, సగం ఆయనకి భయపడి." టీచరు కాగితాలు బల్ల మీద సర్ది పెట్టింది. "నా గురించి రాసింది నిజమే, పంపించండి. కానీ ఇది రాయకపోతే అది సగం నిజం."

ఆమె వెళ్లిపోయాక డాక్టరమ్మ చాలాసేపు బీరువా కేసి చూస్తూ కూర్చుంది. రాస్తే ఏమవుతుందో ఊహించటం కష్టం కాదు. పేషెంట్ల ఇళ్లలో ఏ చోట లోటుందో వెతికిన మనిషి, తన గది తలుపు తీసి పెట్టుకుని కూర్చుందని చదివిన ప్రతివాడూ అంటాడు. కారణం దొరికిందని పై ఆఫీసు ఒక్క గీతతో తేల్చేస్తుంది. రాయకపోతే అడిగేవాళ్లు లేరు. చోటు చాలలేదనుకోవచ్చు. అందరికీ తెలిసిందేననుకోవచ్చు. ఈ రెండు మాటలూ నిన్ననే విన్నవి. అంత తేలిగ్గా తనకే తోచినందుకు ఆమెకి ఒళ్లు మండింది.

పెన్ను తీసి, కొత్త కాగితం మీద 'చికిత్స చేసినవారు కూర్చున్న చోటు' అని రాసి కింద గీత కొట్టింది. బీరువా, గుమాస్తా రాకపోకలు, గొళ్లెం లేని తలుపు, ఈ సంగతి తాను గమనించకపోవటం, ఒక పేషెంటు చెప్పాక తెలియటం, వరసగా రాసింది. ఎక్కడా 'దురదృష్టవశాత్తూ' అన్న మాట పడనివ్వలేదు.

*

శుక్రవారం సూపరింటెండెంటు నివేదిక మొదటి పేజీలు తల పంకిస్తూ చదివాడు. వ్యాను బస్తాల దగ్గర అయ్యో అన్నాడు. ఆఖరి కాగితానికి వచ్చేసరికి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదెందుకు? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు."

ఆమె సంతకం కోసం పెన్ను ముందుకు జరిపింది.

"నీదొక్కటే కాదు. ఆ బీరువా అక్కడ పెట్టించింది నేను."

"మీ పేరు రాయలేదు సార్."

"రాయకపోయినా చదివేవాళ్లకి తెలీదా?" ఆయన ఆ ఒక్క కాగితాన్నీ మిగతావాటి నుంచి విడదీసి పక్కన పెట్టాడు. "ఇది తీసెయ్. మిగతాది ఇప్పుడే సంతకం పెట్టి పంపిస్తాను. నీ వీడియో నీకుంటుంది, గదులేమైనా చూద్దాం."

ఆమె ఊహించిన బేరమే. రాత్రంతా దానికి జవాబు వెతుక్కుంది. ఇప్పుడు నోటికి వచ్చింది మాత్రం ఆ వెతుక్కున్న వాటిలో ఏదీ కాదు.

"సార్, ఆ పెద్దాసుపత్రి వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లూ ఇలాగే ఒక్క కాగితం పక్కన పెట్టారు. మిగతాది నమ్మి నేను చేశాను. ఇది తీసేస్తే రేపు ఇంకో ఊళ్లో ఇంకొకళ్లు నన్ను నమ్మి చేస్తారు. వాళ్ల వెనక బీరువా ఉండొచ్చు."

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె నిలబడే ఉంది. బయట చీటీల కిటికీ దగ్గర ఎవరిదో పేరు రెండుసార్లు పిలిచారు. తర్వాత ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మిగతావాటి కింద చేర్చి, అంచులు బల్లకేసి కొట్టి సమం చేశాడు. సంతకం పెట్టేముందు మాత్రం, ఇలా రాస్తే పైవాళ్లు ఒప్పుకుంటారన్న ఆశ పెట్టుకోవద్దనీ, తరవాత తన దగ్గరికి వచ్చి ఏడవొద్దనీ చెప్పాడు.

ఆయన అన్నంతా అయింది. పై ఆఫీసు నుంచి వచ్చిన జవాబు పొడిగా ఉంది. ఏర్పాట్లలో లోపాలున్నట్టు అంగీకరించినందున, అవి సరిదిద్దేవరకూ వీడియో వైద్యం నిలిపివేయవలసిందని. కెమెరా మర్నాడే బిల్లుల కౌంటరుకి వెళ్లింది. కాంపౌండరు ఆమె మొహం చూసి, మాటల డాక్టరమ్మకి మాటే శత్రువైందని చెప్పుకుని తిరిగాడు.

'సరిదిద్దేవరకూ' అన్న మాట కింద మాత్రం ఆమె పెన్సిలుతో గీత గీసుకుంది. మూసెయ్యమని లేదు. మనుషులు పనికిరారని అంతకన్నా లేదు. మరుసటి ఆదివారం భర్తని వెంటబెట్టుకొచ్చి, గుమాస్తా సణుగుతుండగానే బీరువాని రికార్డు గది వసారాలోకి మార్పించింది. భర్త తలుపుకి లోపలి గొళ్లెం బిగించి, వేసి తీసి చూసి, కూలి ఎవరిస్తారని అడిగాడు. లెక్కల టీచరు ఊళ్లో నర్సమ్మ కూర్చునే ఉపకేంద్రంలో మందులు పెట్టుకునే గది ఒకటుంది. దాన్ని వారానికి ఒక పూట ఇవ్వటానికి నర్సమ్మ ఒప్పుకుంది. అలాంటి గదులు ఇంకా ఎన్ని ఊళ్లలో దొరుకుతాయో వెతకటం మిగిలింది. ఆమె బస్సులెక్కి ఒక్కొక్కటే చూసి వస్తోంది. సూపరింటెండెంటు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒకనాడు మాత్రం, ప్రయాణాలు ఆఫీసు పని కింద రాసుకొమ్మన్నాడు.

ఆ తిరుగుడులో ఉండగానే ప్రొఫెసరు ఫోను వచ్చింది. ఆమె పంపిన నివేదిక చదివాడట. రెండుసార్లు చదివాడట. సహ రచయితల్లో ఒకాయన మొండికేసినా, చివరికి పత్రికకి దిద్దుబాటు రాస్తున్నామన్నాడు. రాసింది ఒకసారి వినమన్నాడు. ఆమె బస్సు షెల్టరులో జనానికి దూరంగా జరిగి, రెండో చెవి మూసుకుంది.

శాఖల గురించీ, గది తలుపు గురించీ, తెర గురించీ, బయట కూర్చున్న నర్సు గురించీ ఆయన చదువుకుంటూ పోయాడు. బాగా రాశాడు. తొందరలేకుండా, ఏదీ దాచకుండా రాశాడు. చదవటం అయిపోయాక, ఇంకేమైనా వదిలేశామా అని అడిగాడు. ఈసారి ఆ గొంతులో మాటకారితనం లేదు.

"మీ డాక్టర్లు ఎక్కడ కూర్చుని మాట్లాడారు సార్? వాళ్ల వెనకాల ఏముండేది?"

లైను తెగిపోయిందేమోనని ఆమె ఫోను తీసి చూసుకుంది. తెగలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు ప్రొఫెసరు. "ఎప్పుడూ వెళ్లి చూడలేదు. మీరు లైన్లో ఉండండి."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు, పొడవాటి వరండాలో దూరమవుతున్న అడుగులు వినిపించాయి. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఆమె కేసి చూసి చెయ్యి ఊపాడు. ఆమె తల అడ్డంగా ఊపి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని అక్కడే నిలబడింది.